ఎన్నింటికి లేచావు?

మావాళ్ళలో కారు కొన్న ప్రతివాడికీ ఒక రికార్డు ఉంటుంది. "బెంగుళూరులో ఆఫీసు అయ్యాక ఎక్కా, తెల్లారేసరికి బెజవాడ. మధ్యలో ఒక్క టీ, అంతే." "చెన్నైలో డిన్నరు, గుంటూరులో ఇడ్లీ." ఇలాంటివి. చెప్పేవాడు కాలరెగరేస్తాడు, వినేవాళ్ళం "సూపర్ మామా" అంటాం. నాకూ ఒకటుండేది. రాత్రి ఎనిమిదింటికి పూణె, పొద్దున్న తొమ్మిదింటికి తిరువూరు. ఎనిమిది వందల పైచిలుకు కిలోమీటర్లు, పదమూడు గంటలు, ఒక్కడినే. మూడు నాలుగు పెళ్ళిళ్ళలో, రెండు గృహప్రవేశాల్లో చెప్పుకున్నాను కూడా.

పోయిన మే నెల తర్వాత చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానో చెప్పడానికే ఇదంతా.

ముందు మా ఊరి సంగతి. తిరువూరు ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. 2014 నుంచీ రాష్ట్రం సరిహద్దు కూడా మా మండలం అంచునే ఉంది. చుట్టూ మామిడి తోటలు. రైలు లేదు. పూణె నుంచి వచ్చే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాదు మీదుగా విజయవాడ వెళ్తుంది గానీ, అక్కడ దిగి సామాన్లతో ఇంకో బస్సెక్కాలి. అది కూడా టిక్కెట్టు దొరికితే. ప్రైవేటు స్లీపర్ బస్సులంటే ఇంట్లో భయం. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బెంగుళూరు-హైదరాబాదు బస్సు కాలిపోయి 45 మంది పోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మళ్ళీ అదే, 19 మంది ప్రయాణికులు. ఆ రెండోది జరిగాక మా ఫ్రెండ్స్ గ్రూపులో సగంమంది ఇక జన్మలో బస్సెక్కమని ఒట్టేసుకున్నారు. సొంత కారైతే స్టీరింగు మన చేతిలో ఉంటుంది కదా అని లెక్క.

ఈ లెక్కలో తప్పెక్కడుందో నాకు జహీరాబాదు దాటాక తెలిసింది.

మే నెలలో ఒక శుక్రవారం. ఆదివారం అమ్మ ఆవకాయ పెడుతోంది. (ఆవకాయ కోసం ఎనిమిది వందల కిలోమీటర్లా అని నవ్వకండి. మీ అమ్మ పెట్టినది తిని మాట్లాడండి :)) సోమవారం ఒక్కరోజు సెలవు దొరికింది. ఆ రోజు పొద్దున్న ఆరున్నరకి లేచాను. పదింటికి స్టాండప్, మధ్యాహ్నం ఒక రిలీజు గొడవ, సాయంత్రం ఇంకో కాలు. ఏడున్నరకి హింజేవాడి నుంచి బయటపడ్డాను. సోలాపూర్ చేరేసరికి పావుతక్కువ పన్నెండు. అక్కడ టీ తాగి, కిటికీ అద్దాలు దింపి, పాటలు పెంచి ముందుకి. ఉమర్గా. కర్ణాటక ముక్క. జహీరాబాదు. తెలుగు బోర్డులు కనపడగానే ఇంటికొచ్చేసినట్టే ఉంటుంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒళ్ళు ఇంక చాలనుకుంటుంది. అప్పటికి ఇంకా మూడున్నర వందల కిలోమీటర్లు ఉంది మరి.

మూడున్నర దాటింది. సదాశివపేట ఇంకా రాలేదు. ఒక లారీ వెనక లైట్లు చూస్తున్నాను, దాన్ని దాటాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. తర్వాత నాకు గుర్తున్నది, ఎడమవైపు చక్రాలు కంకరలో గరగరమనడం. లారీ లేదు. ఎటు పోయిందో, ఎప్పుడు పోయిందో తెలీదు. ఎదురుగా కల్వర్టు గోడ, దానిమీద నలుపు తెలుపు చారలు, హెడ్‌లైట్ల వెలుగులో అక్షరాలతో సహా కనపడుతోంది. స్టీరింగు కుడికి లాగాను. బండి ఊగి, రోడ్డెక్కి, నిలబడింది. వెనక ఎవరూ రావట్లేదు కాబట్టి ఇది రాస్తున్నాను.

ఏమీ కాలేదు. అంతే. కథలో ట్విస్టేమీ లేదు.

తర్వాత కనపడిన పెట్రోలు బంకులో ఆపి చేతులు వణకడం తగ్గేదాకా కూర్చుందామనుకున్నాను. కళ్ళు తెరిచేసరికి గంటంపావు అయింది, తెల్లారుతోంది. ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కి, పెద్ద అంబర్‌పేటలో దిగి, సూర్యాపేట, ఖమ్మం, వైరా, తల్లాడ, వి.ఎం.బంజర మీదుగా పదకొండుంపావుకి ఇల్లు చేరాను. అమ్మ అప్పటికి పదకొండు సార్లు ఫోన్ చేసింది. "వచ్చావా నాన్నా, రోడ్డు బాగుందా?" అంటే "ఖాళీగా ఉందమ్మా" అన్నాను. అబద్ధం కూడా కాదు.

నాన్న మాట్లాడలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. మా నాన్న తిరువూరు డిపోలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కొన్నేళ్ళు ఇద్దరు డ్రైవర్లుండే నైట్ సర్వీసుల మీద కూడా వెళ్ళాడు. ఎడమ ముందు చక్రం దగ్గర వంగి, మడ్‌గార్డు లోపల ఇరుక్కున్న కంకర రాయి ఒకటి తీసి పక్కన పడేశాడు. బాబాయి, పక్కింటి మాస్టారు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఎన్నింటికి బయల్దేరావు? నాన్న అది అడగలేదు.

"నిన్న ఎన్నింటికి లేచావురా?" అన్నాడు.

ఆరున్నరకి అన్నాను. ఆయన మనసులో లెక్కేసుకున్నాడు. "ఎక్కడ జరిగింది?" అన్నాడు. ఏం జరిగిందని అడగలేదు. జహీరాబాదు ఇవతల అని చెప్పాను. "మూడు, నాలుగు మధ్యలోనా?" అన్నాడు. అవునన్నాను. "అమ్మకి చెప్పకు" అని లోపలికెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. ఇంజనీరు బుద్ధి కదా, అసలు ఏమైందో లెక్కలేసుకుంటూ కూర్చున్నాను. మీరూ చూడండి.

గంటకి 90 కిలోమీటర్లంటే సెకనుకి 25 మీటర్లు. కునుకు నాలుగు సెకన్లు అనుకుందాం. వంద మీటర్లు. క్రికెట్ పిచ్ పొడవు ఇరవై మీటర్లు చిల్లర కాబట్టి, అయిదు పిచ్‌ల దూరం బండిలో డ్రైవరు లేడన్నమాట. నేను ఉన్నాను, బెల్టు పెట్టుకునే ఉన్నాను, కళ్ళు కూడా తెరుచుకునే ఉన్నాయేమో. కానీ డ్రైవరు లేడు.

ఇంకోటి. 1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేసి నేచర్ పత్రికలో రాశారు. ఒకేవిధంగా 17 గంటలు మేలుకున్న మనిషి చెయ్యీ కన్నూ కలిసి పనిచేసే తీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానంగా పడిపోతుంది. 24 గంటలైతే దాదాపు 0.10 శాతం. మన మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం దాటితే తాగి నడిపినట్టే. నేను ఆరున్నరకి లేచాను. పదిహేడు గంటలంటే రాత్రి పదకొండున్నర. అంటే నేను సోలాపూర్‌లో టీ తాగేటప్పటికే, చుక్క ముట్టకుండా, కేసు పెట్టదగిన మనిషినన్నమాట. అక్కడి నుంచి ఇంకా అయిదొందల డెబ్బై, ఎనభై కిలోమీటర్లు నడిపేవాడిని.

నేను తాగి బండి ముట్టను. ఈ విషయంలో ఫ్రెండ్స్‌తో గొడవలు పడ్డ రోజులున్నాయి. తాళాలు లాక్కున్నాను కూడా. అదే మనిషిని, అంతకంటే పాడు స్థితిలో, హైవే మీద నేనే నడిపించాను. పైగా దాన్ని రికార్డు అన్నాను.

తాగినవాణ్ణి పట్టుకోడానికి గొట్టం ఉంది. నిద్రని పట్టుకోడానికి ఏముంది? కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ నివేదికలో ఏ నిబంధన ఉల్లంఘించడం వల్ల ఎందరు పోయారో చెప్పే పట్టికలో అతివేగం, తాగి నడపడం, రాంగ్ సైడు, సిగ్నల్ దాటడం, సెల్‌ఫోను... ఇలా వరసలున్నాయి. నిద్రకి వేరే వరస లేదు. నేను ఆ కల్వర్టుకి గుద్దుకుని ఉంటే ఏ వరసలో పడేవాణ్ణి? "అతివేగం"లోనే కదా. చదివినవాళ్ళు "కుర్రాళ్ళు, స్పీడు" అనుకునేవాళ్ళు. నిజానికి నేను వెళ్తున్నది తొంభైలోనే.

సాయంత్రం వాకిట్లో మంచమేసుకుని కూర్చున్నప్పుడు నాన్ననడిగాను. "నీకెప్పుడూ నిద్ర రాలేదా?"

"ఎందుకు రాదు? వెనకాల నలభైమంది నిద్రపోతుంటే మనకి రాకుండా ఉంటుందా?"

"మరేం చేసేవాడివి?"

"ఆపేవాణ్ణి. రెండోవాణ్ణి లేపేవాణ్ణి."

అంతే సమాధానం. నేను ఇంకేదో కిటుకు చెబుతాడనుకున్నాను. పచ్చిమిరపకాయ కొరకడం, మొహాన నీళ్ళు కొట్టుకోడం... అవన్నీ చేశాను, పనిచెయ్యవు అన్నాడు. "అయిదు నిమిషాలు పనిచేస్తాయి. ఆరో నిమిషంలో ఇంకా గట్టిగా వస్తుంది." (అద్దాలు దించడం, పాటలు పెంచడం మీద కూడా పరిశోధనలు జరిగాయి. వాళ్ళు తేల్చింది కూడా దాదాపు ఇదే. కాస్త నయమనిపించేవి రెండే: కాఫీ, పదిహేను ఇరవై నిమిషాల కునుకు. అవి కూడా నిద్రకి బదులు కావు, ఆగాల్సిన చోటు దాకా చేర్చడానికి పనికొస్తాయి.)

అప్పుడు నాన్న అన్నమాట నా బుర్రలో ఉండిపోయింది. "లారీకి క్లీనరుంటాడు. నైట్ సర్వీసుకి రెండో డ్రైవరుంటాడు. రైలింజనుకి కూడా ఇద్దరుంటారు. నీ కారుకి ఎవరున్నార్రా?"

ఆలోచిస్తే నిజమే. రైలింజన్లో ఇద్దరుండటమే కాదు, విజిలెన్స్ కంట్రోల్ డివైస్ అని ఒక పెట్టె ఉంటుంది. నిమిషం పాటు లోకో పైలట్ దేన్నీ కదపకపోతే ముందు లైటు వెలుగుతుంది, తర్వాత బజరు మోగుతుంది, అప్పటికీ పలక్కపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. మన భాషలో చెప్పాలంటే వాచ్‌డాగ్ టైమర్. యూరప్‌లో లారీ డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావుగంట ఆగాలి, రోజుకి మామూలుగా తొమ్మిది గంటలే. ఇదంతా లెక్కపెట్టే మీటరు బండిలోనే ఉంటుంది. మనదేశంలో కూడా 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకి ఎనిమిది గంటలు, అయిదు గంటలకి మించి ఏకబిగిన నడపకుండా మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి అని అందులో రాశారు. ఎంతమంది యజమానులు పాటించారనేది వేరే కథ. కానీ మనిషి శరీరానికి ఒక హద్దుందని అరవై ఏళ్ళ కిందటే ఒప్పుకున్నారు.

సొంత కారుకి అలాంటి రాత ఏదీ లేదు. ఉండాలని కూడా నేననను, ఎవడు చూస్తాడు? నేననేదేంటంటే, ప్రైవేటు బస్సు డ్రైవరు పగలంతా వేరే డ్యూటీ చేసి, రాత్రి ఒక్కడే ఎనిమిది వందల కిలోమీటర్లు నడిపాడని తెలిస్తే మనం ఊరుకుంటామా? టీవీల్లో చర్చలు పెడతారు. ఓనర్ని అరెస్టు చెయ్యమంటాం. మనం అచ్చంగా అదే పని చేస్తే ఆఫీసులో భుజం తడతారు.

ఇంకా చిత్రం చెప్పనా. మా టీములో శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి కోడ్ పంపడం నిషిద్ధం. అందరూ అలిసిపోయి ఉంటారు, తప్పు జరిగితే చూసే నాథుడుండడు అని. ఎంత తెలివైన రూలో! ఆ రూలు పెట్టిన మేమందరం అదే శుక్రవారం సాయంత్రం, అదే అలసటతో, రోల్‌బ్యాక్ లేని చోటికి మమ్మల్ని మేము పంపుకుంటాం.

"లీవు లేదు బాస్, ఏం చెయ్యమంటావ్?" అంటారు. నేనూ అదే అన్నాను. శుక్రవారం రాత్రి వృథా అయితే శనివారం పోతుంది, రెండ్రోజుల సెలవులో ఒకరోజు రోడ్డు మీదే సరి. ఒప్పుకుంటాను, ఇది నిజమైన ఇబ్బందే. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. సగం రోజు లీవు అడిగితే సణిగే మేనేజర్లున్నారు. నేను చెయ్యగలిగింది ఒకటే: ఒకరోజు తక్కువ ఉండటానికి ఒప్పుకోవడం. లేదా ఆ నెల వెళ్ళకపోవడం. అది కష్టంగానే ఉంటుంది.

"రాత్రయితే రోడ్డు ఖాళీ, ఎండ ఉండదు" అనేవాళ్ళున్నారు. రోడ్డు ఖాళీనే. కానీ రాత్రి రెండు నుంచి అయిదు దాకా ఒంట్లో గడియారం నిద్రపొమ్మని చెప్పే వేళ. అలవాటయిందనుకునేవాడికి కూడా ఆ వేళ అలాగే ఉంటుంది. నాన్న నా చేత ఏమీ చెప్పించకుండానే "మూడు, నాలుగు మధ్యలోనా" అన్నది అందుకే. మన పోలీసులు కొన్ని జిల్లాల్లో ఆ వేళకే బండ్లు ఆపి, డ్రైవర్ల చేత మొహం కడిగించి పంపుతుంటారు. మంచి పనే. ఆపి పదినిమిషాలు నిలబెట్టడం కూడా మంచిదే. కానీ కడుక్కున్న మొహంతో ఇంకో నాలుగు గంటలు పోవచ్చనుకుంటే మాత్రం ఆరో నిమిషం వస్తుంది.

"నా ప్రాణం నా ఇష్టం, బండిలో ఇంకెవరూ లేరు కదా" అని ఒకడు నాతోనే వాదించాడు. ఒంటరిగా నడిపేవాడికి నిజంగా ఈ ఊహ ఉంటుంది, పైకి అనకపోయినా. అమ్మానాన్నా బండిలో ఉంటే నేను ఆ రాత్రి కచ్చితంగా సోలాపూర్‌లో రూము తీసుకునేవాణ్ణి. నా ఒక్కడికీ రూము దండగనిపించింది. కానీ ఆ హైవే నా ఒక్కడిదీ కాదు. ఆ కంకర మీద ఒక ట్రాక్టరు ఆగి ఉండొచ్చు, టైరు మార్చుకుంటున్న కుర్రాడుండొచ్చు, తెల్లారుజామున పాల క్యాన్లతో ఎవరో సైకిలు మీద రావొచ్చు. వాళ్ళకి నా రికార్డుతో ఏం పని?

జూనియర్ ఎన్టీఆర్ ప్రతి ఫంక్షన్ చివరా జాగ్రత్తగా ఇంటికెళ్ళండి, మీకోసం ఎదురుచూసేవాళ్ళుంటారు అని అభిమానులకి చెబుతుంటాడు. మేం కాలేజీ రోజుల్లో దాన్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళం. ఆయన 2009లో సూర్యాపేట దగ్గర ప్రమాదంలో గాయపడ్డాడు. అన్న జానకిరామ్‌ని 2014లో, తండ్రి హరికృష్ణని 2018లో నల్గొండ జిల్లా రోడ్ల మీదే పోగొట్టుకున్నాడు. ఆ ప్రమాదాలకి నిద్ర కారణమని నేననట్లేదు. ఆ మాట ఆయన ఎందుకు మానడో మాత్రం ఇప్పుడు అర్థమవుతోంది.

ఇంట్లోవాళ్ళ వాటా కూడా కొంచెముందండోయ్. "ఎక్కడిదాకా వచ్చావు" అని గంటగంటకీ ఫోను. చెప్పిన టైము దాటితే కంగారు. ఆ కంగారు తగ్గించడానికి మనం ఇంకా తొక్కుతాం, ఆపాల్సిన చోట ఆపం. తిరుగు ప్రయాణానికి నాన్న ఒక పద్ధతి పెట్టాడు. "మేం చెయ్యం. నువ్వే చెయ్యి, బండి ఆపినప్పుడు. రెండు గంటలకొకసారి ఆపాలి. ఎన్నింటికి వస్తావో చెప్పొద్దు, ఏ రోజు వస్తావో చెప్పు." అమ్మని ఎలా ఒప్పించాడో తెలీదు.

ఆఫీసుకి ఇంకో రోజు సెలవు మెయిలు పెట్టాను, రెండు ముక్కల్లో, కారణం రాయకుండా. సోమవారం పొద్దున్న నిద్ర చాలేదాకా పడుకుని, ఎనిమిదింటికి బయల్దేరాను. వెనక సీటు కింద గుడ్డతో వాసెన కట్టిన ఆవకాయ జాడీ. ఖమ్మంలో ఆగి ఫోన్ చేశాను. నార్కట్‌పల్లిలో ఆగి చేశాను. సంగారెడ్డి దాటాక ఆగి చేశాను. సదాశివపేట తర్వాత ఆ కల్వర్టు ఏదో గుర్తుపడదామని చూశాను. పగటిపూట అన్నీ ఒకేలా ఉన్నాయి. రాత్రికి సోలాపూర్‌లో రూము తీసుకుని పడుకున్నాను, పన్నెండొందలు. మంగళవారం మధ్యాహ్నానికి పూణె. రెండ్రోజులు పట్టింది. ఆఫీసులో "అదేంటి, అంత స్లో అయిపోయావ్" అన్నారు. అవునన్నాను.

ఈసారి మీ ఫ్రెండెవడైనా రాత్రంతా ఒక్కడే నడుపుకుంటూ వచ్చానని చెబితే, సూపర్ అనకండి. ఎన్నింటికి బయల్దేరావని కూడా అడగొద్దు. బయల్దేరిన రోజు ఎన్నింటికి లేచావని అడిగి, వాడి చేతే లెక్క వేయించండి. నాకు అంతకంటే ఎవరూ ఏమీ చెప్పలేదు, అది సరిపోయింది.